ముందు గోడ, తర్వాత గీజర్: ఇంటికి గ్యాస్ గీజర్ ఎంచుకునే పద్ధతి

దసరా వెళ్లి నాలుగు రోజులు కాగానే ఎలక్ట్రికల్ షాపుల ముందు గీజర్ డబ్బాలు పేరుస్తారు. లోపలికి వెళ్లి గ్యాస్ గీజర్ కావాలనగానే కౌంటర్ దగ్గర కుర్రాడు "ఐదు లీటర్లదా, ఆరు లీటర్లదా సార్?" అంటాడు. ఆ తర్వాత బడ్జెట్ అడుగుతాడు. "ఎక్కడ బిగిస్తారు సార్?" అని మాత్రం నేను తిరిగిన ఒక్క షాపులోనూ ఎవరూ అడగలేదు. అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అదే. దానికి సరైన జవాబు దొరకని ఇంటికి గ్యాస్ గీజరే వద్దు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. హనుమకొండలో అద్దెకున్న ఇంట్లో గీజర్ బాత్‌రూమ్ లోపలే, నల్లా పైన బిగించి ఉండేది. మేం చేరేనాటికే ఉంది కాబట్టి అదే పద్ధతి అనుకున్నాం. జనవరిలో ఒక పొద్దున మా ఆవిడ స్నానం చేసి వచ్చి గడప దగ్గరే కూలబడిపోయింది. తల పగిలిపోతోంది, కాళ్లలో సత్తువ లేదు అంది. బీపీ అనుకున్నాం. రెండు రోజుల తర్వాత మళ్లీ అదే. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన బీపీ చూసి పక్కన పెట్టి, "ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందా? ఎక్కడుంది?" అని అడిగారు. షాపులో వినాల్సిన ప్రశ్న ఆస్పత్రిలో విన్నాం.

లోపల ఏం జరుగుతుంది

మామూలు కరెంటు గీజర్‌లో 15 లీటర్లో 25 లీటర్లో నీళ్లు ట్యాంకులో నిలవ ఉండి కాగుతాయి. గ్యాస్ గీజర్‌కు ట్యాంకు ఉండదు. నల్లా తిప్పగానే నీళ్ల తోపుడుకు లోపల ఉన్న డయాఫ్రం అనే రబ్బరు పొర కదులుతుంది. అది గ్యాస్ వాల్వును తెరుస్తుంది, అదే క్షణంలో బ్యాటరీ స్విచ్చు నొక్కుకుని టక టకమని నిప్పురవ్వలు వస్తాయి. మంట అంటుకుంటుంది. మంట మీద రాగి రేకుల మధ్య నుంచి పోయే రాగి గొట్టంలో నీళ్లు పారుతూనే వేడెక్కుతాయి. నల్లా కట్టేస్తే తోపుడు ఆగి మంట ఆరిపోతుంది. అంతే యంత్రం.

ఈ నాలుగు వాక్యాలు గుర్తుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. నీళ్ల తోపుడు చాలకపోతే మంట ఎందుకు రాదో, సెల్స్ అయిపోతే గీజర్ ఎందుకు మొండికేస్తుందో, ఉప్పు నీళ్లకు ఎందుకు త్వరగా చెడుతుందో, అన్నిటికీ మూలం ఇదే. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి: ఇది గోడకు తగిలించిన పొయ్యి. అది కూడా వంటింట్లో పెద్ద బర్నర్‌కు మూడు నాలుగింతల మంట ఉన్న పొయ్యి.

మన సిలిండర్‌లోని ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. అమెరికాలో ఊరి బయట ఇళ్లకు పెరట్లో పెద్ద ట్యాంకు పెట్టి దాదాపు శుద్ధమైన ప్రొపేన్ వాడతారు. అక్కడి ట్యాంక్‌లెస్ హీటర్లు ఇల్లంతటికీ ఒకటే. పెద్దవి గంటకు 1,99,000 బీటీయూల దాకా, అంటే సుమారు 58 కిలోవాట్ల దాకా ఉంటాయి. మన ఆరు లీటర్ల గీజర్ నీళ్లకు ఇచ్చే వేడి పది కిలోవాట్ల పైచిలుకు. కాబట్టి అక్కడి బంధువులు పంపిన వీడియోలు చూసి ఇక్కడ ఒక్క గీజర్‌తో మూడు బాత్‌రూమ్‌లు నడపొచ్చని అనుకోవద్దు. మనది ఒక నల్లాకు ఒక గీజర్ లెక్క.

మొదటి పని: గోడను వెతకండి

ఇక్కడ కొంచెం లెక్క వేస్తాను, ఓపిగ్గా చదవండి. ఆరు లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకు సుమారు కిలో గ్యాస్ కాలుస్తుంది. కిలో ఎల్పీజీ సరిగ్గా కాలడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. పది నిమిషాలు నడిస్తే రెండు ఘనపు మీటర్ల గాలిలోని ఆక్సిజన్ ఖర్చు. మన బాత్‌రూమ్ నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు అనుకుంటే అందులో ఉండే గాలి మొత్తం ఐదున్నర ఘనపు మీటర్లకు లోపే. అంటే తలుపు గడియ పెట్టి, చలని వెంటిలేటర్ మూసి, పది నిమిషాలు స్నానం చేస్తే గదిలో ఉన్న ఆక్సిజన్‌లో మూడో వంతుకు పైగా గీజరే తినేస్తుంది. అంతవరకూ పోనక్కర్లేదు కూడా. ఆక్సిజన్ కాస్త తగ్గగానే గ్యాస్ పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్‌కు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కు పట్టేస్తుంది. ఈ విషవాయువును ముక్కు పట్టదు. రక్తంలో ఆక్సిజన్ ఎక్కాల్సిన చోట అది రెండు వందల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. లోపల గడియ పెట్టి ఉంటుంది.

అందుకని నియమం ఒక్కటే: గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల పెట్టకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిలే, వెంటిలేటర్ ఉందిలే అనే మాటలు ఫిట్టర్ చెప్పినా వినొద్దు. పొగ గొట్టం ఉన్న గీజర్ ఉన్న గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది గాలిని లాగే ఊపులో గొట్టంలో నుంచి పైకి పోవాల్సిన పొగను వెనక్కి గదిలోకే లాగొచ్చు.

సరైన గోడ ఎలా ఉండాలి? బయటి గాలి నేరుగా తగలాలి. వాన జల్లు నేరుగా పడకూడదు. బాత్‌రూమ్‌కు దగ్గరగా ఉండాలి, వేడినీళ్ల పైపు పదడుగులు దాటితే ప్రతిసారీ చెంబుల కొద్దీ చన్నీళ్లు వదిలేయాలి. గీజర్ అద్దంలో మంట కనిపించేలా కంటి ఎత్తులో బిగించే వీలుండాలి. ఇండిపెండెంట్ ఇళ్లలో ఇది తేలిక. బాత్‌రూమ్ బయటి గోడకు, సన్‌షేడ్ కింద బిగించి, గోడకు చిల్లు వేసి వేడినీళ్ల పైపు ఒక్కటి లోపలికి తెస్తే సరి.

చిక్కంతా ఫ్లాట్లలో. యుటిలిటీ బాల్కనీ ఉంటే అదృష్టం. అయితే పావురాల బాధ పడలేక ఆ బాల్కనీకి అద్దాల స్లైడింగ్ తలుపులు వేయించి ఉంటే అది ఇక బాల్కనీ కాదు, ఇంకో గది. దోమతెర ఒక్కటే ఉంటే పర్వాలేదు, అద్దాలు మూస్తే మాత్రం కుదరదు. రెండోది డక్ట్. బాత్‌రూమ్‌ల పైపులన్నీ దిగే ఆ ఇరుకు సందులోకి గీజర్ పొగ వదలమని కొందరు ఫిట్టర్లు సలహా ఇస్తారు. ఒకసారి ఆ డక్ట్‌లోకి తల పెట్టి పైకి చూడండి. పై అంతస్తుల బాత్‌రూమ్ వెంటిలేటర్లన్నీ అందులోకే తెరుచుకుని ఉంటాయి. మీ పొగ వెళ్లేది మీ పైనింటి వాళ్ల స్నానాల గదిలోకి.

గోడ దొరకలేదా? ఇక్కడితో ఆగిపోండి. కరెంటు గీజరో, మేడ మీద సోలార్ హీటరో చూసుకోండి. నేను ఇప్పుడుంటున్న ఫ్లాట్‌లో ఉన్నది కరెంటు గీజరే, ఈ వ్యాసం రాస్తున్నవాడిని అయినా సరే.

రెండో పని: బకెట్, సెల్‌ఫోన్ గడియారం

పది లీటర్ల బకెట్ తీసుకుని, గీజర్ బిగించబోయే చోటికి దగ్గర్లో ఉన్న నల్లా కింద పెట్టి పూర్తిగా తిప్పండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. వంద సెకన్లలో నిండితే నిమిషానికి ఆరు లీటర్లు వస్తున్నట్టు. రెండు నిమిషాలైతే ఐదు లీటర్లు. నాలుగు నిమిషాలు పడితే రెండున్నర లీటర్లు, అంత తక్కువకు చాలా గీజర్లు అసలు అంటుకోవు. పొద్దున ఏడింటికి, ఇంట్లో అందరూ నీళ్లు వాడే వేళ కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

తోపుడు దేని మీద ఆధారపడుతుందంటే, పైనున్న ట్యాంకు ఎత్తు మీద. ప్రతి మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ ఒత్తిడి. గీజర్ డబ్బా మీద కనీస నీటి ఒత్తిడి 0.2 బార్ అనో 0.3 బార్ అనో రాసి ఉంటుంది. అంటే ట్యాంకు అడుగుకూ గీజర్‌కూ మధ్య రెండు మూడు మీటర్ల ఎత్తు ఉండాలి. ఒకే అంతస్తు ఇల్లు, స్లాబు మీద ఇటుకల దిమ్మె కట్టి నల్ల ట్యాంకు పెట్టారు అనుకోండి. గీజర్ ఐదడుగుల ఎత్తులో ఉంటే మీకు దొరికేది అటూ ఇటూగా రెండున్నర మీటర్లు. అంచు మీద ఉన్నట్టే. పైపులో నాలుగు ఎల్బోలు, పాచి పట్టిన ఫిల్టర్ ఉంటే ఆ కాస్తా పోతుంది.

మా బాబాయి వాళ్లది మేడ మీద వాటా. ట్యాంకు సరిగ్గా నెత్తి మీదే. గీజర్ టక టకమని కొట్టుకోవడమే గానీ మంట రాదు. ఫిట్టర్ వచ్చి సెల్స్ మార్చాడు, రెగ్యులేటర్ మార్చాడు, చివరికి గీజర్‌లోనే లోపమని మార్పించాడు. కొత్తదీ అదే తంతు. ట్యాంకును ఇనుప స్టాండు మీద నాలుగడుగులు పైకి లేపించాక మొదటి నల్లా తిప్పుడుకే అంటుకుంది. స్టాండు కుదరకపోతే చిన్న ప్రెషర్ పంపు ఉంది. కానీ అది కరెంటు మీద నడుస్తుంది, కరెంటు లేనప్పుడు వేడినీళ్లు వస్తాయని గ్యాస్ గీజర్ కొన్నవాళ్లకు ఇదొక ఎగతాళి.

మూడో పని: ఎన్ని లీటర్లది?

డబ్బా మీద "6 లీటర్లు" అంటే నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లను సాధారణంగా 25 డిగ్రీలు వేడెక్కిస్తుందని అర్థం. ఆరును ఇరవై ఐదుతో గుణిస్తే 150. ఈ 150ని గుర్తు పెట్టుకోండి. మీకు ఎన్ని డిగ్రీలు పెంచాలో దాంతో భాగిస్తే మీకు నిమిషానికి వచ్చే నీళ్లు తెలుస్తాయి.

స్నానానికి 40 డిగ్రీలు చాలు. హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దున ట్యాంకు నీళ్లు 18 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. పెంచాల్సింది 22. నూట యాభైని 22తో భాగిస్తే దాదాపు ఏడు లీటర్లు. ఆరు లీటర్లది హాయిగా సరిపోతుంది. విజయవాడ, రాజమండ్రి వైపు ఐదు లీటర్లదైనా చాలు. ఆదిలాబాద్‌లోనో, అరకు, లంబసింగి వైపో ట్యాంకు నీళ్లు పది డిగ్రీలకు వస్తే పెంచాల్సింది 30. ఆరు లీటర్లది ఐదు లీటర్లే ఇస్తుంది, అంటే నల్లా కొంచెం తగ్గించుకోవాలి. అక్కడ ఏడు లీటర్లది అడగడంలో అర్థం ఉంది. హైదరాబాద్‌లో మాత్రం ఏడు లీటర్లది అమ్మకపు మాటే. బకెట్ పరీక్షలో మీ నల్లాకు ఐదు లీటర్లే వచ్చాయనుకోండి, ఏడు లీటర్ల గీజర్ పెట్టినా వచ్చేది ఐదు లీటర్లే, కాకపోతే ఒళ్లు కాలేంత వేడిగా.

బోరు ఉన్నవాళ్లకు ఒక చిట్కా. భూమి లోపలి నుంచి అప్పుడే వచ్చిన బోరు నీళ్లు చలికాలంలో కూడా గోరువెచ్చగా ఉంటాయి. రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి చల్లబడుతుంది. పొద్దున మోటారు వేసి నింపుకుంటే గీజర్ పని బాగా తగ్గుతుంది.

నాలుగో పని: ఖర్చు

"కరెంటుతో పోలిస్తే సగం ఖర్చు సార్" అని షాపులో అంటారు. కాగితం మీద వేసి చూద్దాం. ఒక బకెట్, అంటే 20 లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు పెంచడానికి 400 కిలో కేలరీలు కావాలి. గీజర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే దానికి సుమారు 45 గ్రాముల గ్యాస్. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలని పెట్టుకుంటే బకెట్‌కు 2 రూపాయల 85 పైసలు. అవే నీళ్లకు కరెంటు గీజర్ అర యూనిట్‌కు కొంచెం పైన తీసుకుంటుంది. యూనిట్ ఆరు రూపాయలైతే మూడు రూపాయల పైన. పెద్ద తేడా లేదు. మీ సిలిండర్ ధర, మీ కరెంటు బిల్లులో చివరి స్లాబు ధర పెట్టుకుని మళ్లీ లెక్కేసుకోండి. చలికాలంలో గీజర్ వల్లే పై స్లాబులోకి వెళ్లే ఇళ్లకు గ్యాస్ కలిసొస్తుంది, లేనివాళ్లకు రాదు.

నలుగురున్న ఇంట్లో రోజుకు నాలుగు బకెట్లంటే 180 గ్రాములు, సిలిండర్ గీజర్‌కే రెండున్నర నెలలు. షవర్ అలవాటుంటే లెక్క మారిపోతుంది. పది నిమిషాల షవర్ అంటే 60 లీటర్లు, మూడు బకెట్లు. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి ఇచ్చే మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ వంట కోసం ఇచ్చినవి. వాటిని నమ్ముకుని గీజర్ ఖర్చు లెక్క వేయొద్దు, గీజర్‌కు ఏ సిలిండర్ తీసుకోవాలో ఏజెన్సీలో ముందే అడగండి.

గ్యాస్ గీజర్ కొనడానికి నా దృష్టిలో సరైన కారణాలు వేరే: కరెంటు పోయినా వేడినీళ్లు వస్తాయి, పది మంది చుట్టాలొచ్చినా ఒకరి తర్వాత ఒకరు ఆగకుండా పోసుకోవచ్చు, పాత ఇంటి వైరింగ్ మీద బరువు పడదు.

ఐదో పని: గ్యాస్ సంగతి

మీ ఇంటికి పైపు గ్యాస్ వస్తుందా, సిలిండరా? హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ లైన్లు ఉన్న కాలనీల వాళ్లు ఇది మొదట చూసుకోవాలి. పైపులో వచ్చేది సహజవాయువు, అంటే మీథేన్. సిలిండర్ గ్యాస్ కంటే తేలిక, ఒత్తిడీ వేరు, గ్యాస్ చిమ్మే జెట్ చిల్లు సైజూ వేరు. ఎల్పీజీ గీజర్‌ను పైపు గ్యాస్‌కు తగిలించకూడదు, పైపు గ్యాస్ గీజర్‌ను సిలిండర్‌కూ తగిలించకూడదు. డబ్బా మీద ఏ గ్యాస్‌కో స్పష్టంగా ఉంటుంది. "జెట్ మార్చేస్తాను సార్" అనే ఫిట్టర్‌కు నమస్కారం పెట్టి పంపించండి.

వంటింటి సిలిండర్ నుంచే రబ్బరు పైపుకు 'టీ' ఆకారపు జాయింట్ వేసి గీజర్‌కు లాగే పద్ధతి ఊరూరా ఉంది. అటు స్టవ్ మీద పప్పు, ఇటు గీజర్ ఒకేసారి నడిస్తే ఒక్క రెగ్యులేటర్ చాలక రెండు మంటలూ నీరసిస్తాయి. అంతకన్నా పెద్ద భయం, ఆ టీ జాయింట్ల దగ్గర లీకు. గీజర్‌కు వేరే సిలిండర్, వేరే రెగ్యులేటర్ ఉంటే మంచిది. అది కూడా గీజర్‌తో పాటు బయటే. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పాకి పల్లంలో చేరుతుంది. అందుకే సిలిండర్‌ను సెల్లార్‌లోనో, మెట్ల కింద గుంటలోనో పెట్టకండి. మధ్యలో పైపు నారింజ రంగు సురక్ష పైపే వేయండి, తయారీ తేదీ దాని మీదే ఉంటుంది, ఐదేళ్లకోసారి మార్చేయండి. లీకు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి 1906కి ఫోన్ చేయండి.

ఆరో పని: షాపులో

ఇప్పుడు షాపుకు వెళ్లండి. ఐదారు వేల రూపాయల సరుకు ఇది, కాబట్టి వెయ్యి రూపాయల తేడా దగ్గర ఆగిపోకండి.

ముందుగా ఐఎస్‌ఐ గుర్తు. ఎల్పీజీతో నడిచే చిన్న వాటర్ హీటర్ల ప్రమాణం ఐఎస్ 15558. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్‌లో ఆ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని, అక్కడే కౌంటర్ దగ్గర ఆ నంబరు కొట్టి చూడండి. ఏ కంపెనీ పేరు మీద, ఏ సరుకుకు ఇచ్చిన లైసెన్సో చూపిస్తుంది. నేను ఇలా చూస్తుంటే ఒక షాపాయన "అంత అనుమానమైతే ఎలా సార్" అని నొచ్చుకున్నాడు. ఆ నంబరు వేరే సరుకుది అని తేలాక మాట్లాడలేదు.

తర్వాత రక్షణ ఏర్పాట్లు. మంట ఆరిపోతే గ్యాస్ ఆపేసే ఏర్పాటు తప్పనిసరి. నీళ్లు మరీ వేడెక్కితే ఆపేది ఉండాలి. 20 నిమిషాలకు దానంతట అదే ఆగిపోయే టైమర్ ఉంటే ఇంకా మంచిది. కొన్నిటికి ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సర్ కూడా ఉంటుంది. అది ఉంది కదా అని బాత్‌రూమ్‌లో బిగించవచ్చు అనేవాళ్లు కూడా తగులుతారు. స్కూటర్‌కు బ్రేకులున్నాయని కళ్లు మూసుకుని నడపం కదా.

పొగ గొట్టం విషయంలో మూడు రకాలు కనిపిస్తాయి. మన దగ్గర చౌకగా దొరికే వాటిలో చాలా వాటికి గొట్టమే ఉండదు, పైన చిల్లులు మాత్రం ఉంటాయి. ఇవి పూర్తిగా ఆరుబయట గోడకే. పైన గొట్టం తగిలించుకునే మెడ ఉన్నవి రెండో రకం. గొట్టం సైజు మధ్యలో తగ్గించకుండా, వంపులు తక్కువగా, చివర వాన టోపీతో బయటికి తీయాలి. మూడో రకం ఫ్యాన్‌తో పొగను బయటికి నెట్టేవి. అన్నిటికన్నా మెరుగు, కానీ ప్లగ్గు కావాలి, కరెంటు పోతే ఆగుతాయి. కరెంటు కోతల ఊళ్లో బయట గోడ బాగా ఉంటే మొదటిది, మంచి కరెంటు ఉన్నచోట సగం మూసిన చోటైతే మూడోది. ఇది నా లెక్క.

రాగి కాయిల్‌కు ఎన్నేళ్ల వారంటీ, మొత్తం గీజర్‌కు ఎన్నేళ్లు అన్నది విడిగా అడగండి. మీ ఊళ్లో సర్వీసు మనిషి ఉన్నాడో లేదో డబ్బులు కట్టకముందే ఫోన్ చేసి కనుక్కోండి. రంగులు, డిజిటల్ డిస్‌ప్లే నేను పట్టించుకోను.

ఏడో పని: బిగించే రోజు

ఫిట్టర్ సంచిలో ఏ పైపు తెచ్చాడో చూడండి. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ పైపు కావాలి, లేత పసుపు రంగులో ఉంటుంది, 90 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మామూలు తెల్ల పీవీసీ వేస్తే అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడి జాయింట్లు వదులుతాయి. నీళ్లు వచ్చే వైపు ఒక వాల్వు, జల్లెడ ఉండాలి, చెత్త వస్తే విప్పి కడగడానికి.

గ్యాస్ జాయింట్లకు సబ్బు నురగ రాయించండి, బుడగలు లేస్తే లీకే. అగ్గిపుల్లతో పరీక్షించేవాడు వస్తే పని ఆపించండి. చివరిగా గీజర్ వెలిగించి అద్దంలోంచి మంట చూడండి. నీలంగా, నిటారుగా ఉండాలి. పసుపుగా, ఊగుతూ ఉంటే గాలి చాలడం లేదు, లేదా బర్నర్‌లో బూజు పట్టింది. ఆ మంటను ఒక నిమిషం నిలబడి చూడటం ప్రతి చలికాలం మొదట్లో అలవాటు చేసుకోండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, బాత్‌రూమ్ తలుపు బయట తల ఎత్తులో ఒకటి పెట్టుకోండి. సిలిండర్ గ్యాస్ లీకు అలారం వేరు, అది నేలకు దగ్గరగా. రెండూ ఒకటే అని అంటగట్టబోతారు, కాదు.

తర్వాత వాడకం

గీజర్ బయట ఉన్నా సరే, బకెట్ నింపుకుని, నల్లా కట్టేసి, అప్పుడు పోసుకునే పాత అలవాటే మంచిది. గ్యాస్ మిగులుతుంది కూడా. ఒకటి గమనించండి: నల్లా కట్టేసి పది సెకన్లలో మళ్లీ తిప్పితే, కాయిల్‌లో నిలిచిన నీళ్లు ఆ వేడికి సలసలా కాగి ముందు అవే దూకుతాయి. పిల్లల చేతికి చెంబు ఇచ్చే ముందు మీ చేయి పెట్టి చూడండి. ఎవరికైనా స్నానం మధ్యలో తల తిరిగితే ముందు ఆరుబయటికి తేవాలి, గ్యాస్ ఆపాలి, 108కి ఫోన్ చేయాలి. నీళ్లు చల్లి కూర్చోబెడితే చాలదు.

రెండు పెద్ద డి సైజు సెల్స్ ఏడాదికోసారి మార్చండి. వేసవిలో గీజర్ వాడనప్పుడు వాటిని తీసి పక్కన పెట్టండి, లేకపోతే కారి పెట్టెను పచ్చగా తినేస్తాయి.

ఉప్పు నీళ్లే దీనికి అసలు శత్రువు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే పొర రాగి గొట్టం లోపల కడుతుంది. తాగునీటి ప్రమాణంలో కాఠిన్యం, అంటే ఆ పొర కట్టే లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మంచి హద్దు, 600 చివరి హద్దు. చాలా ఊళ్ల బోర్లు ఆ చివరికి దగ్గరగా ఉంటాయి. మంట అంతే ఉన్నా నీళ్లు ముందంత వేడిగా రాకపోతే, గీజర్‌లోంచి కెటిల్ మరిగినట్టు గరగర చప్పుడు వస్తే, పొర కట్టిందని గుర్తు. నీళ్ల లైను విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు కాయిల్‌లో నింపి గంటసేపు వదిలి కడిగిస్తే మెరుగవుతుంది. బాగా ఉప్పు నీళ్లున్న చోట ఏడాదికోసారి చేయాల్సిందే.

కాయిల్ దగ్గర పచ్చటి మరకతో చుక్కలు కారడం మొదలైతే ఇక మరమ్మతులకు డబ్బు పెట్టకండి. వెల్డింగ్ చేసిన చోటు పక్కనే ఆరు నెలల్లో మళ్లీ కారుతుంది. పాత గీజర్‌ను పాత సామాన్ల వాడికి వేసేటప్పుడు మాత్రం రేకుల లెక్కన తూచనివ్వకుండా, పెట్టె విప్పించి, లోపలి రాగి కాయిల్‌ను విడిగా తూచమనండి.